లాగే పంపు నుంచి తోసే పంపు దాకా: డీజిల్ ట్రక్కుల లిఫ్ట్ పంపు చరిత్ర

డీజిల్ ఇంజిన్‌కు ఇంధనం అందించే పని రెండు పంపులది. షాసీ పక్కనున్న ట్యాంకులోంచి డీజిల్‌ను ఇంజిన్ దాకా తెచ్చేది ఒకటి. అలా వచ్చిన డీజిల్‌ను విపరీతమైన పీడనంతో నాజిళ్ల గుండా సిలిండర్లలోకి చిమ్మేది ఇంకొకటి. ఈ రెండోది ఇంజెక్షన్ పంపు. ఖరీదంతా దానిదే, మెకానిక్కు చూపంతా దానిమీదే. మొదటిదాన్ని తెలుగునాట లారీ షెడ్లలో ఫీడ్ పంపు అంటారు, అమెరికాలో లిఫ్ట్ పంపు అంటారు. పవరు పెంచుకోవడానికి మార్పులు చేయించిన అమెరికన్ పికప్ ట్రక్కుల్లో పెద్ద పంపు బతుకు ఈ చిన్న పంపు చేతిలోనే ఉంటుంది. ఆ సంగతి ట్రక్కుల యజమానులకు తెలిసిరావడానికి చాలా డబ్బు ఖర్చయింది.

మొదట్లో ఈ పంపు అవసరమే తక్కువ. పొలం గట్టున నీళ్లు తోడే పాత ఆయిల్ ఇంజిన్‌కు ట్యాంకు ఇంజిన్ కంటే ఎత్తులో ఉండేది. డీజిల్ తనంతట తానే కిందికి దిగేది. ట్రక్కుకు ఆ వీలు లేదు. ట్యాంకు కింద, ఇంజిన్ పైన, మధ్యలో పొడుగాటి పైపు. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో ట్రక్కుల కోసం ఇంజెక్షన్ పంపులను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. ప్లంజర్లు వరసగా అమర్చిన ఆ వరస పంపులకు పక్కనే ఒక చిన్న పిస్టన్ పంపు అతుక్కుని ఉండేది. ఇంజెక్షన్ పంపు లోపలి క్యామే దాన్నీ నడిపేది. ఇంజిన్ తిరిగితే అది తిరుగుతుంది, ఆగితే ఆగుతుంది. వైరు లేదు, ఫ్యూజు లేదు.

1951లో మొదలైన మైకో కంపెనీ అదే బాష్ పద్ధతిని భారతదేశానికి తెచ్చింది. డీజిల్ అయిపోయి దారిలో ఆగిన లారీని కదిలించే తంతు తెలుగు డ్రైవర్లకు కంఠస్థం. ట్యాంకులో డీజిల్ పోసి, ఫిల్టర్ మీది స్క్రూ ఒకటి రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు మీది హ్యాండ్ ప్రైమర్‌ను బొటనవేలితో నొక్కుతూ పోవాలి. మొదట ఉత్త గాలి బుసకొడుతుంది. తరవాత తెల్లటి నురగ వస్తుంది. ఆ నురగ పోయి బుడగ లేని డీజిల్ ధార కట్టాకే స్క్రూ బిగించి సెల్ఫ్ కొడతారు. ఆ తెల్ల నురగలోనే లిఫ్ట్ పంపు సమస్య మొత్తం ఉంది. డీజిల్ నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. బుడగలు చేరిన ఇంజెక్షన్ పంపు డీజిల్‌ను తోయడం మాని గాలిని నలుపుతూ కూర్చుంటుంది.

ఆ గాలి పైపు చిల్లుల్లోంచే రానక్కర్లేదు. డీజిల్‌లో కొంత గాలి ఎప్పుడూ కరిగి ఉంటుంది. పైపులో పీడనం తగ్గితే, అంటే దూరం నుంచి గట్టిగా లాగితే, ఆ గాలి బుడగలై బయటపడుతుంది. బావి మీద మోటారు బిగించిన రైతుకు ఇది కొత్త కాదు: గట్టు మీది మోటారు ఏడెనిమిది మీటర్ల లోతుకు మించి నీళ్లు లాగలేదు. అదే బోరులోకి దించిన సబ్‌మెర్సిబుల్ వందల అడుగుల లోతు నుంచి పైకి తోస్తుంది. లాగడానికి వాతావరణ పీడనమే హద్దు. తోయడానికి ఆ హద్దు లేదు. ట్రక్కు లిఫ్ట్ పంపు ఇంజిన్ దగ్గర మొదలై ట్యాంకు దగ్గరికి జరుగుతూ పోవడానికి మూలం ఇదే.

అమెరికాలో ఈ కథ 1989 మోడల్ డాడ్జ్ రామ్‌తో ఊపందుకుంది. అందులో పెట్టిన 5.9 లీటర్ల కమిన్స్ ఇంజిన్ 160 హార్స్‌పవర్‌ది. దాని బాష్ వీఈ ఇంజెక్షన్ పంపుకు క్యామ్‌షాఫ్ట్ నడిపే డయాఫ్రమ్ లిఫ్ట్ పంపు డీజిల్ అందించేది. 1994లో బాష్ పీ7100 వరస పంపు, దానితో పిస్టన్ లిఫ్ట్ పంపు వచ్చాయి. కొద్దిపాటి పనిముట్లతో డీజిల్ మోతాదు పెంచుకోనిచ్చే పంపు కావడంతో పీ7100ను పందెపు ట్రక్కుల వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. బరువు స్లెడ్‌ను మట్టి మీద లాగే పోటీల్లో నేటికీ దాని గౌరవం తగ్గలేదు.

1998 మోడల్ మధ్యలో పొగ నిబంధనల కోసం కమిన్స్ ఇంజిన్ మారింది. ఇరవై నాలుగు వాల్వులు, ఎలక్ట్రానిక్ అదుపున్న బాష్ వీపీ44 ఇంజెక్షన్ పంపు వచ్చాయి. లిఫ్ట్ పంపు కూడా ఎలక్ట్రిక్‌ది అయింది, కానీ దాన్ని పాత అలవాటు కొద్దీ ఇంజిన్ బ్లాకుకే బిగించారు. చిన్న మోటారుతో తిరిగే రెక్కల (వేన్) పంపు తోయడంలో దిట్ట, లాగడంలో బలహీనం. పైగా ఇంజిన్ వేడి, అదురు రెండూ దాని మీదే. వీపీ44ను చల్లబరిచేదీ, లోపల జారుడునిచ్చేదీ ఆ డీజిలే. అందుకే ఇంజిన్ కాల్చేదానికంటే ఎక్కువ డీజిల్ దాని గుండా పారి తిరిగి ట్యాంకుకు చేరాలి. లిఫ్ట్ పంపు నీరసిస్తే ఇంజిన్ వెంటనే ఆగదు, ఎందుకంటే వీపీ44 లోపలి వేన్లు కాస్త లాక్కోగలవు. ట్రక్కు నడుస్తూనే ఉంటుంది, ఖరీదైన పంపు మాత్రం లోలోపల అరిగిపోతుంది. దాన్ని మార్చాలంటే వెయ్యి డాలర్ల పైమాటే. డాష్‌బోర్డులో ఇంధన పీడనం చూపే ముల్లు లేకపోవడం అన్నిటికంటే పెద్ద లోపం.

ఆ ముల్లును యజమానులే పెట్టుకున్నారు. ఎదుటి అద్దం పక్క స్తంభానికి గేజి బిగించి చూస్తే అసలు బండారం బయటపడింది. టైర్లకు గాలి కొట్టేటప్పుడు చెప్పే పౌండ్లలోనే ఆ లెక్క. ఐడిలింగ్‌లో 14 పౌండ్లు చూపే ముల్లు, ట్రెయిలర్ తగిలించి ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేసరికి 5కు, కొన్ని ట్రక్కుల్లో సున్నాకు జారేది. డీజిల్ మోతాదు పెంచే ఎలక్ట్రానిక్ బాక్సు తగిలించిన ట్రక్కుల్లో పరిస్థితి మరీ అన్యాయం. ఎంత లోడులోనైనా పీడనం 10 పౌండ్ల కిందికి దిగకూడదన్న సూత్రం ఈ అనుభవంలోంచే పుట్టింది.

మిగతా కంపెనీలు తలో దారి పట్టాయి. ఫోర్డ్ 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్‌లో 1999 మోడల్ నుంచి మెకానికల్ లిఫ్ట్ పంపు తీసేసి షాసీ ఫ్రేముకు ఎలక్ట్రిక్ పంపు పెట్టింది. జనరల్ మోటార్స్ 2001లో తెచ్చిన డ్యూరామాక్స్‌లో అసలు లిఫ్ట్ పంపే లేదు. నాజిళ్లన్నిటికీ ఉమ్మడిగా డీజిల్ అందించే కామన్ రైల్ గొట్టానికి పీడనం ఇచ్చే సీపీ3 పంపులోని గేరు పంపే ట్యాంకు నుంచి డీజిల్‌ను లాక్కోవాలి. మామూలు వాడకానికి అది సరిపోయింది. కానీ పవరు పెంచినా, ఫిల్టర్ మురికిపట్టినా, వాతావరణ పీడనం తక్కువుండే కొండ రాష్ట్రాల్లో తిరిగినా లాగుడు చాలక రైల్ పీడనం పడిపోయేది.

ఈ లోటులోంచే విడి లిఫ్ట్ పంపుల వ్యాపారం పెరిగింది. ఫాస్, ఎయిర్‌డాగ్ వంటి పేర్లతో వచ్చిన పంపులను ట్యాంకు పక్కనే ఫ్రేముకు బిగిస్తారు. మోటారు, ఇంధన ఫిల్టర్, నీళ్లు వేరుచేసే ఫిల్టర్ ఒకే దిమ్మకు ఉంటాయి. బుడగలున్న డీజిల్‌ను విడదీసి తిరుగు పైపులో ట్యాంకుకే పంపేస్తాయి.

పంపు ఎంపికలో డబ్బాల మీది గాలన్ల అంకెలు చాలామందిని దారి తప్పించాయి. 600 హార్స్‌పవర్ ఇచ్చే డీజిల్ ఇంజిన్ పూర్తి జోరులో గంటకు సుమారు 130 లీటర్లు కాలుస్తుంది. గంటకు 95 గాలన్లు, అంటే 360 లీటర్లు ఇచ్చే పంపు ఆ లెక్కన ధారాళంగా సరిపోవాలి. కానీ చల్లదనానికి తిరిగిపోయే డీజిల్‌ను ఇందులో కలపాలి. ఎదురు పీడనం ఏమీ లేనప్పుడు కొలిచిన అంకె, పీడనం నిలబెడుతూ ఇచ్చే అంకె ఒకటి కాదని గమనించాలి. గంటకు 150 గాలన్ల పంపులు అంతగా అమ్ముడవడానికి కారణం ఈ వెసులుబాటే.

పీడనం విషయంలో ఇంజెక్షన్ పంపు ఏదన్నదే అసలు ప్రశ్న. వీపీ44కు 10 నుంచి 15 పౌండ్లు చాలు, మరీ పెంచితే దానికి చేటు. పీ7100కు దాని రెట్టింపు పైనే కావాలి. ఫోర్డ్ 6.0 లీటర్ల ఇంజిన్‌లో 45 కంటే తగ్గితే నాజిళ్లు దెబ్బతింటాయి. ఒకదానికి సెట్ చేసిన పంపును రెగ్యులేటర్ స్ప్రింగు చూసుకోకుండా ఇంకోదానికి తగిలించకూడదు.

పంపు ఎంత గట్టిదైనా దారి ఇరుకైతే వృథా. డాడ్జ్‌లో పైపుల మలుపుల దగ్గర బాంజో బోల్టులు ఉండేవి: లోపల డొల్ల, నడుముకు అడ్డంగా సన్నటి బెజ్జాలు. డీజిలంతా ఆ బెజ్జాల్లోంచే దూరాలి. వాటిని తీసేసి అరంగుళం పైపు వేశాక, పంపు మార్చకుండానే గేజి ముల్లు పైకి లేచిన ట్రక్కులున్నాయి. ట్యాంకులో డీజిల్ పావు వంతుకు దిగినప్పుడు మలుపుల్లో గాలి మింగకుండా, ట్యాంకు అడుగున బెజ్జం కొట్టి సంప్ బిగించే పద్ధతీ వచ్చింది. కరెంటు సన్నటి పాత వైరు నుంచి కాక, రిలే ద్వారా నేరుగా బ్యాటరీ నుంచి ఇస్తేనే మోటారు పూర్తి వేగంతో తిరుగుతుంది.

ట్రక్కుల కంపెనీలు కూడా చివరికి పంపును ట్యాంకు దగ్గర పెట్టే దిక్కుకే వచ్చాయి. డాడ్జ్ 2005 మోడల్‌కల్లా లిఫ్ట్ పంపును ట్యాంకులోకి దించింది. జనరల్ మోటార్స్ 2011లో సీపీ4 పంపుకు మారినా లిఫ్ట్ పంపు పెట్టలేదు. సీపీ4 లోపల అరిగితే లోహపు రజను రైలులోకీ, నాజిళ్లలోకీ పాకి మొత్తం వ్యవస్థను పాడుచేస్తుంది. దాన్ని కాపాడుకుందామనే చాలామంది ఆ ట్రక్కులకు లిఫ్ట్ పంపు బయట కొని వేయించుకున్నారు. అయితే అరుగుదలకు గాలి ఒక్కటే కారణం కాదు. 2006 నుంచి గంధకాన్ని 15 పీపీఎమ్‌కు తగ్గించే క్రమంలో డీజిల్ సహజమైన జారుడు తగ్గి, దాన్ని మందు కలిపి భర్తీ చేయవలసి వచ్చింది. లిఫ్ట్ పంపు ఆ లోటును తీర్చలేదు. 2017 మోడల్ డ్యూరామాక్స్ సీపీ4ను వదిలేసి, ట్యాంకులోనే ఎలక్ట్రిక్ లిఫ్ట్ పంపుతో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది.