మిర్చి పైసలతో కరెంటు గిటారు

వరంగల్ నుంచి ఖమ్మం పోయే బస్సెక్కి కూర్చుంటే, సగం దారి దాటాక కండక్టరు "మరిపెడ బంగ్లా, మరిపెడ బంగ్లా" అని కేకపెడతాడు. 2016 దసరా దాకా వరంగల్ జిల్లాలో ఉండి, ఆ పండగనాటి నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి మారిన ఊరది. మా అక్కను ఇచ్చింది ఆ ఊరికే. బావకు కొంచెం పత్తి, కొంచెం మిర్చి, ఒక బావి, ఆ బావికొక మోటరు. ఆ మోటరు పాతబడి మాటిమాటికీ కాలిపోతూంటుంది. కొత్తది కొందామని మిర్చి అమ్మిన పైసల్లో కొంత విడిగా తీసిపెట్టాడు.

సరిగ్గా అప్పుడే మా మేనల్లుడు నోరు విప్పాడు. "నాయినా, నాకు కరెంటు గిటారు కావాలె."

"గిటారుకు కరెంటెందుకుర? అదేమన్న ఫ్యానా, మోటరా?" అన్నాడు బావ.

ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. మూడోనాడు అక్క నాకు ఫోను చేసింది. "నువ్వొకసారి వచ్చిపో తమ్ముడూ. గిటారు సంగతి నీకు ఎరికే గద" అంది. ఎరికే మరి! మా ఇంట్లో గోడకు ముప్పై ఏళ్ళుగా వేలాడుతున్న ఎర్ర గిటారు సంగతి అక్కకు తెలుసు. ఆ కథ తర్వాత చెబుతాను.

బావ అడిగిన ప్రశ్న నవ్వులాటకు అడిగిందే అయినా, దానికి జవాబు చెప్పాలంటే వందేళ్ళు వెనక్కి పోవాలి. గిటారుకు కరెంటు ఎందుకు? వినబడక. అమెరికాలో 1920లలో నాట్యశాలల్లో పెద్ద పెద్ద బ్యాండు మేళాలు వచ్చాయి. డ్రమ్ములూ, బాకాలూ మోగుతూంటే, పాపం గిటారు వాయించేవాడు చేతులు ఆడిస్తున్నట్టు కనబడేవాడే తప్ప వినబడేవాడు కాదు. మన పెళ్ళి ఊరేగింపులో డప్పుల పక్కన నిలబడి వీణ వాయిస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

ఆ బాధ పడలేక జార్జ్ బోషాం అనే సంగీతగాడు, అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ అనే పనిముట్ల కర్మాగారం యజమానితో కలిసి 1931లో ఒక వింత వస్తువు తయారుచేయించాడు. ఒళ్ళంతా అల్యూమినియం. గుండ్రటి పళ్ళెం, దానికొక పొడుగాటి పిడి. చూసినవాళ్ళు దానికి "వేపుడు మూకుడు" అని పేరు పెట్టారు. మొట్టమొదట అంగట్లోకి వచ్చిన కరెంటు గిటారు అదే. అది ఒళ్ళో పడుకోబెట్టుకుని, తీగలమీద ఇనుప కడ్డీ జార్చి వాయించే హవాయి పద్ధతిది. మన గోటువాద్యం తీగలమీద కొయ్యముక్క జార్చినట్టే.

ఇంతకూ దానిలో కిటుకేమిటి? ఒక అయస్కాంతం, దానిమీద చుట్టిన సన్నటి రాగితీగ. ఉక్కు తీగ అయస్కాంతం దగ్గర వణికితే రాగిచుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే, ఊళ్ళో డైనమో నడిచే సూత్రమే. తీగ వణికినట్టే కరెంటూ వణుకుతుంది, దాన్ని ఆంప్లిఫయరు పెద్దది చేస్తుంది. అందుకే నైలాన్ తీగలు వేస్తే ఈ గిటారు మూగది.

ఈ సంగతి బావకు అరుగుమీద కూచుని చెప్పాను. ఎంత రాగి, ఎన్ని చుట్లు అన్నాడు. వెంట్రుక కన్నా సన్నటి తీగ, ఏడెనిమిది వేల చుట్లు అన్నాను. బావ లేచిపోయి మోటర్లు వైండింగ్ చేసే మెకానిక్కును వెంటబెట్టుకొచ్చాడు. ఆయన మొత్తం విని, "గంతే గద! మోటరుల కరెంటు పోతే ఇరుసు తిరుగుతది. గిండ్ల తీగ ఊగితే కరెంటొస్తది. ఉల్టా యవ్వారం" అని ఒక్కమాటలో తేల్చేశాడు. ఇంతకన్న బాగా చెప్పిన పుస్తకం నేను చూడలేదు.

మెకానిక్కు ఒప్పుకున్నాడు గనుక బావ సగం మెత్తబడ్డాడు. మిగతా సగం వేరే. "అది మనది గాదు గదా బామ్మర్దీ" అన్నాడు.

మనది కానిదేది? కర్ణాటక కచేరీలో ఇవాళ ఫిడేలు లేకపోతే పాటకుడు గొంతు విప్పడు. ఆ ఫిడేలును ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరలదగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. హార్మోనియం లేనిదే మన పద్యనాటకం లేదు. అలాంటి హార్మోనియాన్ని 1940లో రేడియోవాళ్ళు వెలివేశారు. మళ్ళీ లోపలికి రానివ్వడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. గిటారు మెడమీద అడ్డంగా ఉండే కడ్డీలు మనకు కొత్తవా? కిన్నెర మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు ఊరూరా చెప్పుకున్నది పన్నెండు మెట్ల కిన్నెర గురించే కదా. వీణకైతే మైనంలో నిలబెట్టిన మెట్లు ఇరవైనాలుగు.

అన్నిటికన్న పెద్ద సాక్ష్యం పాలకొల్లులో పుట్టింది. 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ళవాడుగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న సత్యనారాయణగారి మాండలిన్ చేతికి తీసుకున్నాడు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు రుద్రరాజు సుబ్బరాజుగారు పాఠం చెప్పారు. చిత్రమేమిటంటే గురువుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో వాయించేనాటికి వయసు తొమ్మిదేళ్ళు. 1981లో మద్రాసు డిసెంబరు కచేరీలకు వెళ్ళాడు.

మామూలు మాండలిన్‌కు జంటజంటగా ఎనిమిది తీగలు. మీటగానే టింగుమని, మరుక్షణం నాదం ఆరిపోతుంది. మన రాగానికి అది చాలదు. గమకం పలకాలంటే తీగను లాగాలి, లాగేంతసేపూ నాదం నిలవాలి. అందుకని శ్రీనివాస్ జంటతీగలు వదిలేసి, ఒంటితీగలు అయిదు పెట్టించుకుని, గట్టి కొయ్యతో చేసిన కరెంటు మాండలిన్ పట్టాడు. పెద్దలు కొందరు ముక్కున వేలేసుకున్నారు. పిల్లవాడు వాయిస్తూనే పోయాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ, ఆ తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో కలిసి దేశదేశాల కచేరీలు. 2014 సెప్టెంబరు 19న నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. ఆయన వాద్యాన్ని ఎంచుకున్న తీరు చూడండి. రంగు చూసి కాదు, పేరు చూసి కాదు. నా చెయ్యి ఏమి పలకాలి, దానికి ఏది అడ్డం వస్తోంది అని చూసుకున్నాడు. కొనబోయేవాడికి ఇంతకు మించిన పాఠం లేదు.

ఈ పాఠం నాకు తెలియని రోజుల్లో, 1986లో, నేను హనుమకొండలో చదువుకుంటూ ఒక గిటారు కొన్నాను. అప్పట్లో విదేశీ సరుకుమీద సుంకాలు విపరీతం, మనబోటివాళ్ళకు కలకత్తాలో తయారైనవే దిక్కు. వాటిలో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. సికింద్రాబాదులో ఒక దుకాణంలో అద్దాల వెనక ఎర్రగా మెరుస్తూ ఒకటి కనబడింది. పరీక్ష ఫీజు కట్టమని నాన్న ఇచ్చిన డబ్బుకు ట్యూషన్లు చెప్పి సంపాదించింది కలిపి, మారుమాట్లాడకుండా కొనేశాను. ఎండాకాలం వచ్చేసరికి దాని మెడ విల్లులా వంగింది. తీగలకూ మెట్లకూ మధ్య వేలు దూరేంత సందు. తిరిగి పట్టుకెళితే దుకాణదారు, "మీ ఊరి ఎండకు మేమేం చేస్తాం?" అన్నాడు. పరీక్ష ఫీజు సంగతి నాన్నకు చాలాకాలం చెప్పలేకపోయాను. గోడమీది ఎర్ర గిటారు అదే.

కాబట్టి మేనల్లుణ్ణి తీసుకుని సికింద్రాబాదు రైలెక్కినప్పుడు వాడికి దారిపొడుగునా చరిత్రే చెప్పాను. మొదటి పాఠం గట్టి కొయ్య. బోలుగా ఉన్న గిటారుకు పికప్ పెడితే, శబ్దం పెంచిన కొద్దీ ఆంప్లిఫయరు మోత మళ్ళీ గిటారు బుర్రలోకే దూరి, పెళ్ళిపందిట్లో మైకు కుయ్యిమన్నట్టు కూస్తుంది. 1940 ప్రాంతాల్లో లెస్ పాల్ అనే గిటారిస్టు ఆ కూత ఆపడానికి దూలంముక్కలాంటి గట్టి కొయ్యకు తీగలు బిగించాడు. గిబ్సన్ కంపెనీవాళ్ళు మొదట పట్టించుకోలేదు. 1952లో ఆయన పేరుతోనే గిటారు అమ్మారు.

ఎందుకు మనసు మార్చుకున్నారంటే, కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్ అప్పటికే ముందుకు దూకాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు! కానీ పాడైన వస్తువు విప్పడానికి వీలుగా ఉండాలని తెలుసు. 1950లో ఆయన తెచ్చిన గిటారుకు మెడను జిగురుతో అతికించలేదు, మరలతో బిగించాడు. చెడితే విప్పి మార్చుకోవచ్చు. 1951లో దాని పేరు టెలికాస్టర్ అయింది. 1954లో మూడు పికప్‌లతో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. ఇవాళ అంగట్లో కనబడే చవక గిటార్లలో చాలావాటి రూపం దానిదే.

ఇక మోత సంగతి. ఒంటిచుట్ట పికప్ తీగ మాటే కాదు, పక్కనున్న ట్యూబులైటు మాట కూడా వింటుంది. లోపల బుయ్యిమని ఒకటే రొద. 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురు దిక్కుల్లో పెట్టాడు. రొద రెంటిలోనూ వ్యతిరేకంగా పుట్టి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తీగ నాదం మిగులుతుంది. దాన్నే హంబకర్ అంటారు. మోటర్లూ, స్టార్టర్లూ, ట్యూబులైట్లూ ఉన్న మనబోటి ఊళ్ళకు కనీసం ఒక్క హంబకరైనా ఉన్న గిటారు సుఖం.

పేర్ల మోజు కూడా వదిలించాను. జపానువాళ్ళు 1970లలో అమెరికా గిటార్లకు నకళ్ళు చేశారు. 1977లో గిబ్సన్ యాజమాన్యం కోర్టుకు ఎక్కింది. ఆ నకళ్ళు ఎంత బాగున్నాయంటే, 1982లో ఫెండర్ కంపెనీయే జపానులో తన గిటార్లు చేయించడం మొదలుపెట్టింది. తలమీది పేరు కన్న చేసిన చెయ్యి ముఖ్యం. ఇంకో తమాషా కూడా చెప్పాను. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారం 1992లో ప్రపంచమంతటా నిషేధమయింది. అంతకుముందు నుంచే దాని చోటులోకి వచ్చింది మన అడవుల్లో జిట్రేగి అని పిలిచే మాను. ఎక్కడో తయారైన గిటారు మెడమీద మనదేశపు కొయ్య ఉండవచ్చునన్నమాట.

దుకాణంలో వాడు మొదట ఎర్రదాని దగ్గరే ఆగాడు. నేను ఏమీ అనలేదు. "చూసుకో" అన్నాను. గిటారు తలను కంటిదగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు మెడ అంచు వెంబడి చూశాడు. మెడ మెలికపడితే ఆ గిటారు ముట్టొద్దు. కొంచెం వంగితే లోపలి ఉక్కు ఊచను తిప్పి సరిచేయవచ్చు. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు రెండు మిల్లీమీటర్లకు మించరాదు. అదే మెట్టుపైన వేలు ఆనీ ఆనకుండా తాకించి మీటినప్పుడూ, వేలు అదిమి మీటినప్పుడూ ఒకే స్వరం పలకాలి. పలకకపోతే ఎంత శ్రుతిచేసినా ఆ గిటారు పాట అపశ్రుతే. ప్రతి తీగా, ప్రతి మెట్టూ మీటి ఎక్కడైనా జుయ్యిమంటోందా వినాలి. మెట్ల కొసలు అరచేతికి గీరుకోకూడదు. బిరడాలు వదులుగా తిరగకూడదు. గుండీ తిప్పితే ఆంప్లిఫయరు చిటపటలాడకూడదు.

ఎర్రది పన్నెండో మెట్టు దగ్గర తప్పింది. రెండోది జుయ్యిమంది. మూలన నిలబెట్టిన సాదా నల్లది అన్నిటా నిలబడింది. వాడు దాన్నే ఒళ్ళో పెట్టుకుని గంటసేపు లేవలేదు. ఉన్న డబ్బు పది వంతులనుకుంటే ఆరు వంతులు గిటారుకు, మూడు చిన్న ఆంప్లిఫయరుకు, ఒకటి తీగలకూ వైరుకూ సరిపెట్టాం. డబ్బంతా గిటారుకే పోస్తే దానికి నోరెక్కడిది?

ఇంటికొచ్చాక ప్లగ్గు పెట్టబోతుంటే ఆపాను. ఇంట్లో ఎర్తు లేదు. ఆంప్లిఫయరులో ఏదైనా తప్పు ఉండి, ఎర్తు లేకపోతే, గిటారు ఉక్కుతీగల్లోంచి కరెంటు నేరుగా వాయించేవాడి వేళ్ళలోకి వస్తుంది. ఆ చేత్తోనే మైకు కూడా పట్టుకున్నాడా, ఇక చెప్పక్కర్లేదు. ఈ మాట చెప్పగానే బావ ముఖం మారిపోయింది. స్టార్టరు డబ్బా దగ్గర తడికాళ్ళతో నిలబడి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. బావకు వరసకు తమ్ముడయ్యేవాడు అలాగే పోయాడు.

"ఒక్క దినం ఆగుర" అన్నాడు కొడుకుతో. మరునాడు పొద్దున్నే ఆయనే గడ్డపార పట్టి ఇంటి వెనక గుంత తవ్వాడు. ఉప్పు, బొగ్గు పోసి రాగితీగ దింపాడు. మెకానిక్కు వచ్చి మూడు పిన్నుల ప్లగ్గు బిగించి, బల్బు పెట్టి పరీక్ష చేసి, ఇక వాయించుకోమన్నాడు.

కొత్త మోటరు కొనడం మరో పంటకు వాయిదాపడింది. పాతదానికే మళ్ళీ వైండింగ్ చేయించారు. మొన్న అక్క ఫోనులో చెప్పింది. పొలంనుంచి రాగానే బావ ఎర్తు గుంతలో బిందెడు నీళ్ళు పోసి, కాళ్ళు కడుక్కుని, గడప దగ్గర కూచుంటాడట. "ఇగ షురూ చేయిర" అంటాడట.