రంగులు మార్చు లోహము

ప్లుటోనియము బాంబు కథ శ్రోతలు వినియే యుందురు. మేము నేడు చెప్పదలచినది దాని వెనుకనున్న రసాయనపు కథ.

1940 డిసెంబరులో అమెరికాలోని బర్క్లీ నగరమున, సైక్లోట్రాను యంత్రముతో డ్యూటరాను కణములను యురేనియముపై ప్రయోగించినప్పుడు ఈ మూలకము పుట్టినది. పుట్టినదని రేడియోధార్మికత మాత్రమే తెలిపినది. కంటికి ఏమియు కనిపింపలేదు. కనిపింపని పదార్థము కొత్త మూలకమని నిరూపించుట ఎట్లు?

సీబోర్గు, కెనెడీ, వాల్ అను శాస్త్రజ్ఞులకు చిక్కంతయు థోరియముతో వచ్చినది. కొత్త పదార్థము థోరియమును వెన్నంటి, దానితోపాటే అడుగునకు దిగుచుండెను. అది థోరియమే యనువారికి జవాబేది? 1941 ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి, తెల్లవారినచో 24, ఆర్థర్ వాల్ వెండి అయానుల సాయముతో పెర్‌సల్ఫేటును ప్రయోగించి దానిని గట్టిగా ఆక్సీకరించెను. పిమ్మట ఫ్లోరైడు చేర్పగా థోరియము అడుగునకు దిగినది. ఇది ద్రావణములోనే నిలిచినది. మరికొన్ని ఎలక్ట్రానులను వదలుకొనగల శక్తియే ఆ రాత్రి దానిని పట్టి యిచ్చినది.

యురేనస్, నెప్ట్యూన్‌ల వరుసలో దీనికి ప్లూటో పేరు పెట్టిరి. 2006లో ప్లూటో గ్రహస్థానము కోల్పోయినను మూలకము పేరు నిలిచినది. రోమనుల పురాణములలో ప్లూటో పాతాళాధిపతి, ఇంచుమించు మన యముని వంటివాడు. పేరు పెట్టినవారు తలచినది గ్రహమునే గాని, తరువాత జరిగినది చూడగా ఆ పేరు మాకు యాదృచ్ఛికముగా తోచదు.

1942 ఆగస్టు 20న షికాగోలో కన్నింగ్‌హామ్, వెర్నర్ అనువారు ప్లుటోనియము ఫ్లోరైడును తొలిసారి కంటితో చూచిరి. సెప్టెంబరు 10న తూచిన ఆక్సైడు 2.77 మైక్రోగ్రాములు. గ్రామును పది లక్షల పాళ్లు చేసినచో అందు మూడు పాళ్లకు తక్కువ!

ఈ లోహపు స్వభావము విచిత్రము. మూడు ఎలక్ట్రానులు వదలిన రూపము నీటిలో ఊదాకలసిన నీలము, నాలుగు వదలినచో గోధుమవన్నె, అయిదింట గులాబి, ఆరింట పసుపు కలసిన నారింజ. ఈ నాలుగును ఒకే పాత్రలో ఏకకాలమున ఉండగలవు. ఏడవ స్థితిని సోవియట్ శాస్త్రజ్ఞులు 1967లో వెల్లడించిరి.

ఈ చాంచల్యమే పరిశ్రమకు ఆధారమైనది. నాలుగు ఎలక్ట్రానులు వదలిన ప్లుటోనియమును బిస్మత్ ఫాస్ఫేటు తనతో అడుగునకు తెచ్చును. ఆరు వదలినచో విడిచిపెట్టును. స్టాన్లీ థాంప్సన్ కనిపెట్టిన ఈ ఉపాయముతో ఒకమారు దింపుచు, ఒకమారు నిలుపుచు, యురేనియము నుండియు విచ్ఛిత్తి శకలముల నుండియు దానిని వేరు చేసిరి. మైక్రోగ్రాములపై నేర్చిన విద్యను సుమారు నూరు కోట్ల రెట్లు పెంచి, కొలంబియా నదీతీరమున హాన్‌ఫర్డులో కర్మాగారములు కట్టిరి. పనివారు దట్టమైన కాంక్రీటు గోడల చాటున నిలిచి యంత్రములను నడపిరి.

లోహముగా మారిన పిదపను అది లొంగలేదు. 640 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగులోపల ఆరు రూపములు ధరించును; చల్లని రూపము పెళుసు. కొద్దిగా గాలియము కలిపి, మలచుటకు వీలైన రూపమున దానిని నిలిపిరి. 1945 ఆగస్టు 9న నాగసాకిపై వేసిన బాంబులో అట్టి లోహము సుమారు ఆరు కిలోలు.

వేరు చేయగా మిగిలిన ద్రవములు హాన్‌ఫర్డులో నేలలోని టాంకులకు చేరినవి. తరువాతి పద్ధతుల వ్యర్థములు కూడ అందే చేరినవి. ఆ టాంకులు 177. కొన్ని కారినవి. ప్లుటోనియము 239 సగము తరుగుటకు 24,100 సంవత్సరములు పట్టును. టాంకులను శుద్ధిచేయు పని ఇంకను సాగుచున్నది.