సర్దుకుపోయే మనుషులు

నా పెళ్ళిచూపుల్లో మా నాన్న అన్న మాట నాకింకా గుర్తుంది. "మా అమ్మాయి బాగా సర్దుకుపోయే పిల్లండీ." నా చదువు, ఉద్యోగం ఆ తర్వాతే చెప్పారు. ఆ మాట నిలబెట్టడంలోనే నాకు ఇరవై ఏళ్ళు గడిచాయి. అయినా కొన్నేళ్ళ కిందట ముంచింగిపుట్టు వెళ్ళినప్పుడు నోట్‌బుక్‌లో నేనే రాసుకున్నాను: "ఇక్కడి ఆడవాళ్ళు ఎంతో సర్దుకుపోయే మనుషులు." మెచ్చుకోలుగానే రాశాను.

ఈ మాటకి తెలుగులో చాలా వాడుకలున్నాయి. బస్సులో "కాస్త సర్దుకోండి" అంటే అందరం తలా బెత్తెడు జరుగుతాం. "ఓ వెయ్యి సర్దుతావా" అని అడిగి తీసుకున్న డబ్బు తిరిగివ్వాలి. పక్కన "పోయే" చేరగానే అర్థం మారిపోతుంది. ఎంత జరిగామో, ఎవరి కోసం జరిగామో, తిరిగి ఎవరిస్తారో అడగకూడదు. అది గుణమైపోతుంది, ముఖ్యంగా ఆడవాళ్ళ గుణం.

ముంచింగిపుట్టులో ఈ మాటకి ఒక చరిత్ర ఉంది. మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ నది మీద అప్పటి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి జల విద్యుత్ ప్రాజెక్టు తలపెట్టాయి. జలాపుట్ దగ్గర ఆనకట్ట, ఒనకడిల్లిలో విద్యుత్ కేంద్రం వచ్చాయి. 1955లో ఉత్పత్తి మొదలైంది. మొత్తం సామర్థ్యం 120 మెగావాట్లు. జలాశయం కింద ఆదివాసీల ఊళ్ళూ పొలాలూ మునిగాయి.

నాతో మాట్లాడిన పెద్దావిడ అప్పటికి చిన్నపిల్ల. "నీళ్ళొచ్చాయి, పైకెక్కాం" అంది ఆదివాసీ ఒడియాలో. తనకి పిల్లలు పుట్టేదాకా ఇంట్లో కిరసనాయిలు బుడ్డేనట. నేనేం రాసుకున్నానో అడిగింది. నా వెంట వచ్చిన అమ్మాయి ఆ వాక్యాన్ని ఆవిడ భాషలో చెప్పబోయి ఆగిపోయింది.

"మేడమ్, ఎవరితో సర్దుకుపోయారని చెప్పాలి?"

నా దగ్గర జవాబు లేదు. నీళ్ళతోనా? పరిహారం లెక్కగట్టిన కాగితంతోనా? అప్పటికి అమల్లో ఉన్నది 1894 భూసేకరణ చట్టం. అది భూమి మీద హక్కు చూపించగలిగిన వాళ్ళని గుర్తించింది. దుంపలు తవ్వి, అడ్డాకులు కోసి ఇల్లు నడిపే స్త్రీ దగ్గర చూపించడానికి ఏముంటుంది? ఆమె పోగొట్టుకున్నది ఏ ఖాతాలోనూ లేదు కాబట్టి, ఆమె మౌనం సర్దుబాటుగా నమోదైపోయింది.

చట్టం ఈ సంగతి గుర్తించడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఇమ్మంది. 2013 భూసేకరణ చట్టం వితంతువుని, విడాకులు పొందిన స్త్రీని, కుటుంబం వదిలేసిన స్త్రీని విడి కుటుంబంగా లెక్కించమంది. జలాపుట్ నీళ్ళు రాకముందు ఈ వాక్యాలుండి ఉంటే, పైకెక్కిన ఆ తల్లుల పేర్లు ఏదో ఒక కాగితం మీద మిగిలేవి.

ఇప్పుడు కరెంటు బిల్లులో "సర్దుబాటు ఛార్జీలు" అని కనిపిస్తే నాకు ఆ పెద్దావిడ గుర్తొస్తుంది. విద్యుత్ సంస్థలు తమకైన ఖర్చుని పైసలతో సహా లెక్కగట్టి మన దగ్గర వసూలు చేసుకుంటాయి. సర్దుకుపోయినందుకు బిల్లు వేయడం ఆవిడకెవరూ నేర్పలేదు, నాకూ నేర్పలేదు.

నోట్‌బుక్‌లో ఆ వాక్యం కొట్టేసి, కింద "నీళ్ళొచ్చాయి, పైకెక్కాం" అని రాసుకున్నాను. మన అమ్మాయిల గురించి చెప్పేటప్పుడు కూడా ఆ విశేషణం వాడటం మానేశాను. ఎవరైనా వాడితే, ముంచింగిపుట్టు అమ్మాయి ప్రశ్నే అడుగుతున్నాను: ఎవరితో?