చక్రము నిలుచు చోటు



మన హసన్‌పర్తి హనుమకొండ నుండి కరీంనగరమునకు పోవు బాటపై నున్నది. ఈ బాటను మొదట ఎడ్లబండ్లు నడచినవి. పిదప బస్సులు వచ్చినవి. నేడు వాడవాడకును కార్లు కలవు. క్రొత్తగా కారు కొనిన యువకులు కంపెనీవారి చక్రములను విప్పించి, అంగడిలో దొరకు వెడల్పాటి రిమ్ములను బిగించుకొన ముచ్చటపడుచున్నారు. పెద్దలు వాని వెల యెంతయని యడుగుదురు. వెలతోపాటు అడుగవలసిన అంకె మరియొకటి కలదు. దానిని ఆఫ్‌సెట్టు అందురు. చక్రము ఎంత లోనికి, ఎంత వెలుపలికి నిలువవలెనో చెప్పు కొలత యది. పేరు క్రొత్తదే గాని విషయము మిక్కిలి పాతది. కావున దాని చరిత్ర నుండియే ఆరంభించెదను.

బండిచక్రమునకు నడుమ కుండ, కుండనుండి ఆకులు, ఆకులను కూర్చు పూటీలు, వానిపై ఇనుప పట్టా యుండునని మీరెఱుగుదురు. రెండు చక్రముల నడిమి యెడమును బండికొక తీరుగ పెట్టిన ప్రయోజనము లేదు. ఏలన, బండ్లన్నియు నడచిన మట్టిబాటలో గాడులు పడి గట్టిపడును. ఎడము తప్పిన బండికి ఒక చక్రము గాడిలోను, రెండవది గట్టుపైనను నడచును. నడత చెడినవానిని గాడి తప్పినాడందుము. ఆ మాటలో ఈ గాడియే వినబడుచున్నది.

ఈ సంగతిని రాజులును గుర్తించిరి. క్రీ. పూ. 221లో చీనాదేశము నేకము చేసిన చక్రవర్తి చిన్ షి హువాంగ్ లిపిని, తూనికలను సరిచేయుటతోపాటు బండ్ల ఇరుసుల పొడవును గూడ ఒక్కటిగ నిర్ణయించెను. మన హసన్‌పర్తి రోడ్డు స్టేషను గల కాజీపేట–బల్హార్షా రైలు మార్గమున పట్టాల నడిమి యెడము 5 అడుగుల 6 అంగుళములు. చక్రములు ఆ కొలతకు లోబడిననే బండి నడచును.

1886లో జర్మనీ దేశీయుడగు కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మోటారుబండికి సైకిలు వలె తీగల ఆకు లుండెను. నాటి మోటార్లకు టైరు చెడినచో దారిలోనే దానిని బాగుచేసికొనవలసి వచ్చెడిది. 1904లో వేల్సు దేశమందు లానెల్లీ పట్టణపు స్టెప్నీ వీధిలో డేవీస్ సోదరులు, ఆకులు లేని అదనపు రిమ్మును చెడిన చక్రమునకు తగిలించు ఉపాయము కనిపెట్టిరి. మన డ్రైవర్లు అదనపు చక్రమును నేటికిని స్టెప్నీ యనుటకు కారణ మిదియే. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. అప్పటికే చక్రమంతయు బోల్టులు విప్పి మార్చు పద్ధతి లోకమున వ్యాపించుచుండెను. కంపెనీ చక్రము విప్పుటకు వీలగుటతోనే, కంపెనీది కాని చక్రము బిగించుటకును వీలాయెను. చిక్కు అక్కడనే పుట్టినది.

రిమ్ము వెడల్పునకు సరిగ నడుమ ఒక గీత గీచితిమనుకొనుడు. బోల్టులు బిగించు ముఖము ఆ గీతపైననే యున్నచో ఆఫ్‌సెట్టు సున్న. ఆ ముఖము బయటివైపునకు జరిగియున్నచో అంకె ధనము. అప్పుడు చక్రము కారు లోనికి పోవును. లోపలివైపునకు జరిగియున్నచో అంకె ఋణము. చక్రము వెలుపలికి వచ్చును. 1983లో వెలువడిన మారుతి 800 వలె ముందు చక్రములను ఇంజను త్రిప్పు కార్లలో ఇది సాధారణముగ ధనమే. ఈ అంకెను రిమ్ముపై ఈ.టీ. అను అక్షరముల ప్రక్కన మిల్లీమీటర్లలో ముద్రింతురు.

ఒక లెక్క చూడుడు. పాత రిమ్ము వెడల్పు 5 అంగుళములు, ఆఫ్‌సెట్టు 45. క్రొత్తది 6 అంగుళములు, ఆఫ్‌సెట్టు 35. వెడల్పు పెరిగినది ఒక్క అంగుళమే గదా యని తోచును. కాని వెలుపలి అంచు సుమారు 23 మిల్లీమీటర్లు బయటికి వచ్చును. లోపలి అంచు సుమారు 3 మిల్లీమీటర్లు లోనికి జరుగును. వెడల్పు ఒక్కదానినే చూచినవారికి ఇది తెలియదు.

నీటిబిందెను చంకనిడుకొనిన బరువు తోచదు. చేయి చాచి పట్టినచో భుజము లాగును. చక్రము వెలుపలికి జరిగినచో బేరింగు పాటు అట్టిదే. స్టీరింగు బరువెక్కును, గుంతలలో ప్రక్కకు లాగును. నిండు బరువుతో పోవునపుడు టైరు మడ్‌గార్డును రాయును. చక్రము మితిమీరి లోనికి పోయినచో టైరు లోపలి భాగములను ఒరయును. ఇంతేకాదు, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగ వాహనమును మార్పరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది.

కావున పిల్లలు రిమ్ములు కొనబోవునపుడు మీరు వారిని గద్దింప నక్కఱలేదు. కారు పుస్తకములోని వెడల్పు, ఆఫ్‌సెట్టు అంకెలను కాగితముపై వ్రాసి వారి చేతికిండు. అంగడివాడు చూపు రిమ్ముపై నున్న అంకెలను వానితో పోల్చి చూడుమనుడు. పొసగినచో కొనవచ్చును, పొసగనిచో ఎంత మెఱసినను మానవలెను. ఆ కారులో కూర్చుండువారు మన బిడ్డలు, మనుమలు. చక్రము తన చోట నిలిచిననే వారి ప్రయాణము గాడి తప్పదు.