పామరు వంశము – హైదరాబాదు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మీదుగా సాగు రాచబాటకు చేరువలో, ఆస్మాన్‌గఢ్ గుట్టపై ఒక రాతిస్తంభము కలదు. అది నిజాము కొలువులో సేనానియైయుండిన ఫ్రెంచివాడు రేమండు సమాధి. ఆయన 1798 మార్చి 25వ తేదీన మరణించెను. ఆ యేటి అక్టోబరులోనే ఫ్రెంచి దళము ఆయుధములు విడిచినది. ఆంగ్లేయుల పలుకుబడి హైదరాబాదున స్థిరపడినది. ఆ వెనుక వచ్చిన ఆంగ్లేయుల సంధులను, యుద్ధములను చరిత్ర విపులముగ చెప్పును. వారి ఇండ్లను గూర్చి, బిడ్డలను గూర్చి చెప్పినది స్వల్పము. అట్టి కుటుంబమొకదానిని శ్రోతలకు పరిచయము చేయదలచితిమి.

విలియం పామరు 1780లో జన్మించెను. తండ్రి కుంపిణీ సేనలో జనరలు; తల్లి ఫైజ్ బక్ష్ బేగం. భారతీయ స్త్రీలకు జన్మించినవారికి తన కొలువున ఉద్యోగములు ఈయరాదని కుంపిణీ 1791లో నిర్ణయించినది. తండ్రి నడచిన దారి కుమారునకు మూతపడెను. అతడు నిజాము సైన్యమున పనిచేసి, పిదప హైదరాబాదులో పామర్ అండ్ కంపెనీ అను సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థ నిజాము ప్రభుత్వమునకు నూటికి సాలుకు 20 రూపాయలకు మించిన వడ్డీకి అప్పులిచ్చినది. ఆ ఋణము తీరుటకై, ఉత్తర సర్కారులకుగాను కుంపిణీ ఏటేట చెల్లించుచుండిన పేష్కషును 1823లో నిజాము శాశ్వతముగ వదలుకొనవలసివచ్చెను. అందులకు ప్రతిఫలము 1,16,66,666 రూపాయలు. మరుసటి యేడే సంస్థ దివాలా తీసినది.

ఆ 1824లోనే లివర్‌పూలు వర్తకుని కుమారుడొకడు, పదునైదేండ్లవాడు, బొంబాయిలో ఓడ దిగెను. అతడే ఫిలిప్ మెడోస్ టైలరు. వర్తకమున ఆశించినది దక్కక నిజాము సైన్యమున చేరెను. 1832లో పామరు కుమార్తె మేరీని వివాహమాడెను. ఆమె 1844లో కన్నుమూసెను. ఆ కాలమున టైలరు షోరాపురము సంస్థానమున అధికారి. అచటి బాలరాజు వెంకటప్ప నాయకుడు అతనిని ‘అప్పా’ అని పిలుచుచుండెను. 1858లో ఆ యువరాజు తిరుగుబాటు చేసి ప్రాణములు కోల్పోయెను.

టైలరు 1876లో మరణించెను. మరుసటి సంవత్సరము అతని ఆత్మకథను ప్రకటించినది కుమార్తె ఆలిస్. తండ్రి చరితము బిడ్డ చేతిమీదుగా లోకమునకు అందినది. ఆ బిడ్డ తల్లికి నాయనమ్మయైన ఫైజ్ బక్ష్‌ను చూడవలెనన్న, 1785 ప్రాంతమున లక్నోలో చిత్రించిన కుటుంబ చిత్రమున చూడవలసినదే. అందు ఆమె పిల్లల నడుమ కూర్చుండియున్నది.

మన ఇండ్లలోను ముత్తాతల పేర్లు వల్లించువారు కలరు. ముత్తవ్వల పేర్లు అడిగినచో తడుముకొందురు. ఇంటి పెద్దలున్నప్పుడే అడిగి వ్రాసియుంచుట మేలని మా విన్నపము.