విద్యార్థి పత్రికలలో హాస్యం : అలీగఢ్ సంప్రదాయం

ఇస్లాం నవ్వును సహించదనే అపోహ ఇతరులలోనే కాదు, మనలోనూ కొందరికి ఉంది. హదీసు గ్రంథాలు తిరగవేసిన వారిలో ఈ అపోహ నిలవదు. వాహనం కోరి వచ్చిన ఒక వ్యక్తికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒంటె పిల్లను ఇస్తానన్నారు. పిల్లను తానేం చేసుకోవాలని అతడు తెల్లబోగా, ఏ ఒంటె అయినా ఒక ఒంటెకు పిల్లే గదా అని ఆయన సెలవిచ్చారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్న ఈ ఉదంతంలో హాస్యం ఉంది. అబద్ధం లేదు, ఎదుటివాని మనస్సు నొప్పించడమూ లేదు. మరొకవైపు దివ్యఖురాన్ అల్ హుజురాత్ సూరా 11వ ఆయతు ఒక వర్గం వారు మరొక వర్గాన్ని ఎగతాళి చేయడాన్నీ, చెడ్డపేర్లు పెట్టి పిలవడాన్నీ స్పష్టంగా నిషేధించింది. అంటే పరిహాసం వేరు, అపహాస్యం వేరు. ఈ గీటురాయిపై మన దేశ ముస్లిం విద్యాచరిత్రలోని ఒక ఘట్టాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఎనిమిది రోజుల తేడాతో

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875 మే 24న అలీగఢ్‌లో ఒక పాఠశాలను ప్రారంభించారు. అది కళాశాల కావడానికి 1877 జనవరి 8న వైస్రాయి లిట్టన్ చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. సరిగ్గా ఎనిమిది రోజుల తర్వాత, జనవరి 16న, లక్నోలో ‘అవధ్ పంచ్’ అనే ఉర్దూ హాస్య వారపత్రిక వెలువడింది. దాని సంపాదకుడు మున్షీ సజ్జాద్ హుసేన్. కాకోరీకి చెందిన ఆయన 1856లో జన్మించారు. లక్నో కానింగ్ కళాశాలలో చేరి, చదువు మధ్యలోనే విడిచిపెట్టారు. పత్రిక పెట్టేనాటికి ఆయన ఇంకా విద్యార్థి వయస్సులోనే ఉన్నారనవచ్చు. 1841లో లండన్‌లో మొదలైన ‘పంచ్’ పత్రికను చూసి ఆయన తన పత్రికకు ఆ పేరు పెట్టారు.

శిలాముద్రణలో వ్యంగ్యచిత్రాలతో వచ్చిన ఈ పత్రిక 1912 వరకు నడిచింది. అక్బర్ ఇలాహాబాదీ, మచ్ఛూ బేగ్ ‘సితమ్ జరీఫ్’, త్రిభువన్ నాథ్ ‘హిజ్ర్’, జ్వాలా ప్రసాద్ ‘బర్క్’ మొదలైనవారు ఇందులో వ్రాశారు. హిందూ ముస్లిం రచయితలు ఒకే పుటపై కలిసి నవ్వించిన పత్రిక ఇది. ప్రభుత్వ విధానాలను ఎగతాళి చేయడానికి వెనుదీయలేదు. 1885లో కాంగ్రెసు ఏర్పడిన తర్వాత దానిని సమర్థించింది. కాంగ్రెసుకు దూరంగా ఉండమన్న సర్ సయ్యద్‌ను ఎదిరించింది.

అపహాస్యానికి గురైన కళాశాల

అలీగఢ్ కళాశాల, దాని స్థాపకుడు, అక్కడి విద్యార్థుల వేషభాషలు ఈ పత్రికకు నిత్యం దొరికే ముడిసరుకు. ప్రకృతి నియమాల వెలుగులో ధర్మాన్ని వివరించబోయిన సర్ సయ్యద్‌కూ, ఆయన అనుచరులకూ ప్రత్యర్థులు ‘నేచరీలు’ అని పేరు పెట్టారు. ఆ పేరును అందరి నోళ్ళలో నానేటట్లు చేసినవాటిలో ‘అవధ్ పంచ్’ ఒకటి. ఉర్దూ కవిత్వాన్ని సంస్కరించాలన్న హాలీని కూడా అది వదలలేదు. ఆయన వాదాన్ని ఖండించడంతో తృప్తిపడక, ఆయన స్వస్థలమైన పానిపట్టును అక్కడ జరిగిన యుద్ధాలతో ముడిపెట్టి వెక్కిరించింది.

ఇందులో న్యాయం పాలు లేదనలేము. ఆంగ్లేయుల అలవాట్లను గుడ్డిగా అనుకరించడం ఆనాటి చదువుకున్న యువకులలో నిజంగానే ఉంది. ఆ బలహీనతను పట్టుకుని వ్రాసినపుడు పత్రిక సంఘానికి మేలు చేసింది. వాదాన్ని విడిచి వ్యక్తికి పేరు పెట్టినపుడు మాత్రం ఖురాన్ గీసిన హద్దును దాటింది.

ఈ విషయంలో అక్బర్ ఇలాహాబాదీ (1846-1921) జీవితం గమనింపదగినది. ఆంగ్ల విద్యను అంతగా ఎగతాళి చేసిన కవి మరొకరు లేరు. ఐనా ఆయన స్వయంగా ప్రభుత్వ న్యాయమూర్తిగా పనిచేశారు. తన కుమారుణ్ణి చదువుకోసం ఇంగ్లండుకు పంపారు. 1898లో సర్ సయ్యద్ మరణించినపుడు, మాటలకే పరిమితమైనవారికీ పని చేసి చూపినవానికీ మధ్యగల తేడాను ఒప్పుకుంటూ ఆయనను శ్లాఘించారు. ప్రత్యర్థి యోగ్యతను గుర్తించగల హాస్యకారుని నవ్వులో విషం ఉండదు.

లోపలినుండి వచ్చిన నవ్వు

చరిత్రలోని విచిత్రం ఏమంటే, బయటివారు ఎగతాళి చేసిన ఆ కళాశాలే తర్వాత ఉర్దూ హాస్యానికి పుట్టినిల్లయింది. వేర్వేరు ప్రాంతాల, వేర్వేరు అంతస్తుల పిల్లలు ఒకే వసతిగృహంలో, ఒకే రకం దుస్తులలో, ఒకే భోజనశాలలో పెరగడం ఇందుకు ముఖ్య కారణం. కచ్చీ బారక్, పక్కీ బారక్‌ల కబుర్లు, 1884లో ఏర్పడిన విద్యార్థి సంఘ వేదికపై వాదోపవాదాలు, కళాశాల పత్రిక, ఈ మూడూ కలిసి మాటకు పదును పెట్టాయి.

ఈ వాతావరణంలోనుండి వచ్చినవారే రషీద్ అహ్మద్ సిద్దీఖీ. జౌన్‌పూర్ కచేరీలో గుమాస్తాగా పనిచేసి, 1915లో అలీగఢ్‌లో చేరారు. విద్యార్థిగా ఉండగానే కళాశాల పత్రికకు సంపాదకత్వం వహించారు. తర్వాత అక్కడే ఉర్దూ శాఖాధిపతి అయ్యారు. నులకమంచం, చాకలి, కందిచేను వంటివి ఆయన వ్యాసాలకు వస్తువులు. మంచం మీదనే పుట్టి, మంచం మీదనే జీవితమంతా గడిపే మన ఇళ్ళను చూసి ఆయన నవ్వుతారు. ఆ ఇంటిలో తానూ ఒకడినని మరచిపోరు. ‘అవధ్ పంచ్’ పుట్టిన నూరేళ్ళకు, 1977లో ఆయన కన్నుమూశారు. ఆ నూరేళ్ళలో ముస్లిం విద్యావంతుల నవ్వు దారి మళ్ళింది. పరుల వైపు చూపిన వేలు తనవైపు తిరిగింది.

లాహోర్ గవర్నమెంటు కళాశాల విద్యార్థి పత్రిక ‘రావీ’లోనూ ఇదే మార్పు కనిపిస్తుంది. దానికి విద్యార్థిగా సంపాదకత్వం వహించిన పత్రస్ బుఖారీ (1898-1958) తర్వాత ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. హాస్టలులో ఉండి చదవాలనే కోరికతో ఏళ్ళ తరబడి పరీక్షలు తప్పుతూ వచ్చిన కుర్రవాని కథ ఆయన వ్యాసాలలో ప్రసిద్ధం. అందులో నవ్వులపాలయ్యేది తండ్రి కాదు, గురువు కాదు. కథ చెప్పే విద్యార్థే.

మన హైదరాబాదులో

ఈ ధోరణికి మన ప్రాంతంలోనూ వారసులున్నారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం చదువుకున్న ఉర్దూ పాఠకులను, రచయితలను తయారుచేసింది. 1962లో ‘జిందా దిలానె హైదరాబాద్’ సంస్థ ఏర్పడింది. 1968లో హాస్య మాసపత్రిక ‘షగూఫా’ వెలువడింది. ఉస్మానియాలో చదివిన ముజ్తబా హుసేన్ (1936-2020) 1962లో ‘సియాసత్’ దినపత్రికలో హాస్యశీర్షిక చేపట్టి, దేశమంతటా పేరు గడించారు. ఆయన మిత్రుల గురించి వ్రాసిన వ్యక్తిచిత్రాలలో చెణుకులకు కొదవ లేదు. ఐనా చదివినవారికి ఆ మిత్రులపై ప్రేమే కలుగుతుంది.

నేర్వవలసింది

మన విద్యాసంస్థలలో గోడపత్రికలు, వార్షిక సంచికలు వస్తూనే ఉన్నాయి. వాటిలో హాస్యం కనబడగానే కత్తెర పట్టే పెద్దలూ ఉన్నారు. హాస్యమంటే తోటివాని రంగుకు, యాసకు, పేదరికానికి పేరు పెట్టడమేనని తలచే పిల్లలూ ఉన్నారు. అలీగఢ్ చరిత్ర ఇద్దరికీ సమాధానం చెబుతుంది. ఎగతాళి వల్ల ఆ కళాశాల కూలిపోలేదు; తనను చూసి తాను నవ్వడం నేర్చుకుని బలపడింది. కాబట్టి పెద్దలు భయపడనక్కరలేదు. ‘నేచరీ’ అనే పేరు పెట్టినవారు సాధించింది మాత్రం ఏమిటి? నేడు ఆ మాటను ఎవరికైనా వివరించి చెప్పవలసిందే. రషీద్ అహ్మద్ నులకమంచానికి వివరణ అక్కరలేదు.

సత్యం తప్పకుండా, ఎవరి మనస్సూ చివుక్కుమనకుండా నవ్వించడం సున్నత్‌కు సన్నిహితమైన విద్య. దానిని విద్యార్థి దశలోనే నేర్పడం మన సంస్థల బాధ్యత.