చిరివేరు: ఇసుకలో దాచిన విత్తనము

మన తీరమున, ఇసుకనేలలందు ఒక చిన్న మొక్క నేలను అంటిపెట్టుకొని పెరుగును. ఆకులు సన్నము, గుత్తులుగా పూయు తెల్లని పూవులు మిక్కిలి చిన్నవి. త్రోవన పోవువారు గడ్డియనుకొని దాటిపోవుదురు. అదియే చిరివేరు. దాని చరిత్రను కొంత మనవి చేయుదుము.

దాని విలువ వేరున కలదు. కరక్కాయ, పటిక పట్టించిన నూలుబట్టను ఆ వేరుతో ఉడికించినచో చెరగని యెరుపు వచ్చును. 17, 18 శతాబ్దులలో డచ్చి, ఇంగ్లీషు వర్తకులు కోరమాండలు తీరమునుండి ఐరోపాకు గొనిపోయిన అద్దకపు బట్టలకు ప్రసిద్ధి తెచ్చినది ఈ యెరుపే. సామర్లకోటలో తోటను నడపిన విలియం రాక్సుబరో, కోరమాండలు తీరపు మొక్కలనుగూర్చిన తన గ్రంథము ప్రథమ సంపుటమున (1795) దీనిని చిత్రసహితముగా వర్ణించెను.

తనంత మొలచిన చిరివేరు మేలైన రంగు నిచ్చును గాని, అద్దకమునకు చాలదు. అందుచే సాగు అవసరమయ్యెను. చిక్కంతయు విత్తనముతోనే. అది ధూళివలె సన్నము. కాయనుండి ఏరుట అసాధ్యము. రైతులు చక్కని ఉపాయము కనుగొనిరి. విత్తనము రాలిన పిమ్మట చేని పైయిసుకను పోగుచేసి దాచుకొనిరి. అదను వచ్చినపుడు ఆ యిసుకనే విత్తిరి. గింజ లోతునబడిన మొలక పైకి రాజాలదు. ధారగా నీరు పోసిన కొట్టుకొనిపోవును. కావున పైపైన చల్లి, నీరు చిలకరించుటయే పద్ధతి. వేరు అడుగు, రెండడుగులు దిగునుగాన వదులైన ఇసుకనేలయే దీనికి తగినది.

1868లో గ్రేబె, లీబెర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు తారునుండి లభించు పదార్థముతో అలిజరిను అను ఎరుపును కృత్రిమముగా తయారుచేసిరి. చిరివేరులో నున్నదియు ఆ రంగే. కర్మాగారపు సరకు చౌకగా వచ్చినకొలది చిరివేరు సాగు క్షీణించెను. నేడు మచిలీపట్నము, పెడన అద్దకములందు కృత్రిమ అలిజరినే విరివిగా వాడుకలో నున్నది.

మొక్క మాత్రము మన తీరమును విడువలేదు. ఇసుకదిబ్బలను చదును చేయునపుడు పోవునది ఇసుక మాత్రమే కాదు, అందు దాగిన విత్తనమును. తీరవాసులెవరైన కాయలు పండిన తావున పైయిసుకను గుప్పెడు దాచి, తొలకరికి కుండలో చల్లి చూడవచ్చును. మొక్క మిగిలియున్నను, ఇసుకను దాచు తెలివిని మరచినచో ఆ పైరు మనకు మరల దక్కదు.